కూలి లెక్క నేర్చుకుందాం, 3వ పాఠం: రేటు పెరిగితే పని పోతదా?

పోయిన పాఠంలో బేసిక్, దాని మీద డీఏ (ధరలు పెరిగినందుకు ఇచ్చే కరువు భత్యం) కలిపి కనీస వేతనం తీసుడు చూసినం కదా. "రేటు పెంచితే పనే ఉండదు" అంటరు సూడుర్రి, ఆ ఒక్క మాటకే భయపడి చాలామంది అడగకుండనే ఊకుంటున్నరు, ఇయ్యాల ఆ మాటని లెక్కతోని పట్టి చూద్దాం.

ముందు సరుకు ధరలో కూలి ఎంతుందో తీయాలె. నల్లగొండ దిక్కు పత్తినే తీసుకోండి. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8110, అంటే కిలోకు 81 రూపాయల పైన. ఏరినందుకు కిలోకు 12 ఇస్తున్నరు అనుకుందాం, మీ ఊళ్లె ఎంతుంటే అది వేసుకోండి. 20 శాతం పెంచితే పెరిగేది 2.40, ధరలో 3 శాతం లోపే. తక్కువే అనిపిస్తది గానీ అది రైతు జేబులకెల్లే పోవాలె, తేమ 12 శాతం దాటితే సీసీఐ (పత్తి కొనే సర్కారు సంస్థ) కొనదు, బయట అగ్గువకు అమ్ముకునే కౌలు రైతుకు ఆ కొంచెం గూడ బరువే. మిర్యాలగూడ రైస్ మిల్లు సంగతి వేరు, అక్కడ ఖర్చంతా వడ్లదే, హమాలీ కూలి అందులో చిన్న ముక్క. అందుకే రైతు, మిల్లు ఓనరు ఇద్దరూ "పని ఉండదు" అనే మాటే అన్నా ఒక్క తీరుగ నమ్మొద్దు.

రెండోది రోజుల లెక్క, నాకైతే ఇదే అసలుది. రోజుకు 400 చొప్పున 26 రోజులకు 10400. రేటు 480 అయ్యి పని 20 రోజులకు పడితే 9600, నష్టమే. 22 రోజులు దొరికితే 10560, లాభమే. పాత ఆదాయాన్ని కొత్త రేటుతోని భాగిస్తే ఎన్ని రోజుల దాక తట్టుకోవచ్చో తేలిపోతది.

మరి రోజులు నిజంగ తగ్గుతయా? 1992లో అమెరికాలోని న్యూజెర్సీలో గంటకు కనీస కూలి 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచిన్రు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాతోని పోల్చి చూస్తే ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లల పనులు తగ్గినట్టు కనబడలే. దాన్ని ఒప్పుకోని ఆర్థికవేత్తలు కూడ ఉన్నరు, గని కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పెంచితే పని పోవుడు ఖాయం అనేటోళ్లు లెక్క చూపియ్యాలె, ఉత్త మాట చాలదు.

ఇంటి పని: మీ పోయిన నెల రోజులు, రేటు రాసుకొని 10 శాతం, 20 శాతం పెంపుకు ఎన్ని రోజులైతే సరిపోతదో తీయండి. వచ్చే పాఠంలో గుత్త పనిని రోజు కూలిలోకి మార్చుడు చూద్దాం, పాలమూరు నుంచి మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకొని బయటికి పోయేటోళ్లకు అది చాన అవసరం.