టీఎంఎస్ మొదలుపెట్టే ముందు: డాక్టరు దగ్గర దాచకూడనివి

డిప్రెషన్‌కో, వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీకో ఏళ్ల తరబడి మందులు వాడినా గుణం కనిపించని వాళ్లకి ఈ మధ్య హైదరాబాద్‌లో డాక్టర్లు టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) రాస్తున్నారు. తలకి ఒక కాయిల్ ఆనించి, అయస్కాంత తరంగాలను మెదడులో ఎంచుకున్న చోటికి పంపే చికిత్స ఇది. మత్తు ఇవ్వరు, కోత ఉండదు. పేషెంటు కుర్చీలో మెలకువగానే ఉంటారు, అయిపోయాక మెట్రో ఎక్కి ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు 'కరెంటు షాకా?' అని కంగారు పడతారు. షాక్ ట్రీట్‌మెంట్‌లో మత్తిచ్చి, కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు. ఇక్కడ ఫిట్స్ రాకుండా చూసుకోవడమే పెద్ద జాగ్రత్త. ఈ తేడా చెప్తే సగం భయం పోతుంది.

అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీనికి 2008లో డిప్రెషన్‌కి, 2018లో ఓసీడీకి అనుమతి ఇచ్చింది. మిషన్ వల్ల జరిగే హాని తక్కువే. నాకు తెలిసి అసలు తలనొప్పంతా మనవాళ్లు డాక్టరుకి చెప్పకుండా మింగేసే విషయాలతోనే.

అందులో మొదటిది ఫిట్స్. టీఎంఎస్ వల్ల ఫిట్స్ రావడం అరుదు, వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువ. ఆ ఒకరిని ముందే పసిగట్టడానికే డాక్టరు అన్ని ప్రశ్నలు వేస్తారు. అమ్మాయికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చిన సంగతి పెళ్లి సంబంధాలప్పుడు దాచి ఉంటారు. ఇప్పుడు అల్లుడు పక్కనే కూర్చుని ఉండగా 'అమ్మా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?' అని డాక్టరు అడిగితే, 'అబ్బే, అలాంటివేం లేవండీ' అని తల్లి టక్కున అనేస్తుంది. అంత ఇబ్బందైతే డాక్టరుతో విడిగా మాట్లాడాలని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. బైకు మీంచి పడి తలకి దెబ్బ తగలడం, పక్షవాతం, మెదడుకి ఆపరేషన్, ఇంట్లో ఇంకెవరికైనా మూర్ఛ ఉండటం కూడా చెప్పాల్సినవే. చెప్పినంత మాత్రాన చికిత్స ఇవ్వరని కాదు. ఇవ్వాలా, ఎలా ఇవ్వాలి అన్నది వాళ్లు తేల్చుకుంటారు.

రెండోది లోహం. ఎమ్మారైకి ముందు అడిగేవే ఇక్కడా అడుగుతారు: చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, పేస్‌మేకర్. పంటికి నింపిన సిమెంటుతో సాధారణంగా ఇబ్బంది లేదు. బాలానగర్, జీడిమెట్లలో లేతు మిషన్ మీదో, గ్రైండింగ్, వెల్డింగ్ పనిలోనో ఉన్నవాళ్లు మాత్రం ఒకటి గుర్తుచేసుకోవాలి. ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందా? అది లోపలే ఉండిపోయి ఉండొచ్చు. ఎక్స్‌రేతో తేల్చుకునే మొదలుపెట్టాలి.

మూడోది నిద్ర, మద్యం, మాత్రలు. దాని గురించి చెప్పాలంటే మొదటి రోజు ఏం చేస్తారో చూడాలి. కాయిల్‌ను తల మీద కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో అయస్కాంత దెబ్బ కొడతారు. ఒక చోటికి వచ్చేసరికి, మీరు కదపకుండానే మీ కుడిచేతి బొటనవేలు టక్కున ఎగురుతుంది. ఆ వేలు కదలడానికి ఎంత శక్తి పట్టిందో దాన్నిబట్టే మీ డోసు కడతారు. నిద్ర, మద్యం, మాత్రలు మారితే ఆ లెక్క తప్పుతుంది. నిద్ర పట్టక మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే ఆల్ప్రజోలం సంగతి అందుకే చెప్పాలి. అది రోజూ వేసుకుంటే చికిత్స సరిగ్గా పట్టకపోవచ్చు, ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. రోజూ తాగేవాళ్లు చికిత్స కోసమని హఠాత్తుగా మానేసినా అంతే. బ్యుప్రోపియాన్, క్లోజపిన్ లాంటి మాత్రలు ఫిట్స్‌కి దారి సులువు చేస్తాయి కాబట్టి వాడుతున్న ప్రతి స్ట్రిప్పూ సంచిలో వేసుకుని వెళ్లండి. కోర్సు మధ్యలో ఏ డాక్టరు ఏ కొత్త మాత్ర రాసినా టీఎంఎస్ వాళ్లకి చెప్పాకే వేసుకోండి.

గచ్చిబౌలి వైపు నైట్ షిఫ్టులు చేసేవాళ్లు రాత్రంతా మేలుకుని, పొద్దున్నే అటునుంచి అటే సెషన్‌కి రాకూడదు. చికిత్స నడిచే నెలన్నర పగటి షిఫ్టు అడగండి. రంజాన్ రోజాలు, శ్రావణ శుక్రవారాల ఉపవాసాలు ఉండేవాళ్లు తేదీలు ఖాయం చేసుకునేటప్పుడే ఆ మాట అనండి. సహరీకి తెల్లారకముందే లేస్తే నిద్ర తెగుతుంది, ఒంట్లో నీళ్లూ తగ్గుతాయి. బోనాలకి ఊరెళ్లి రెండ్రోజులు జాగారం చేసి వచ్చినా, దాచకుండా చెప్తే ఆ రోజుకి ఆపుతారు.

సెంటర్ ఎంచుకునేటప్పుడు పేరుకన్నా దూరం చూడండి. మామూలుగా వారానికి 5 రోజులు, 4 నుంచి 6 వారాలు వెళ్లాలి. ఎల్బీ నగర్‌లో ఉండి రోజూ హైటెక్ సిటీకి తిరిగితే రెండో వారానికే విసుగొచ్చి మానేస్తారు. ఒక్కో సెషన్ కొన్ని చోట్ల 20 నిమిషాల నుంచి 40 దాకా పడుతుంది, తీటా బర్స్ట్ అనే పద్ధతిలో 3 నిమిషాలే. సైకియాట్రిస్టు ఎవరు, రోజూ పక్కన ఉండేదెవరు, ఫిట్స్ వస్తే ఆక్సిజన్, ఇంజెక్షన్ సిద్ధంగా ఉన్నాయా అని నిలదీసి అడగండి. జవాబు నసిగితే లేచి వచ్చేయండి. 'బ్రెయిన్ మ్యాపింగ్' బొమ్మలు చూపించి అన్ని రోగాలూ పోతాయనే వాళ్లకి, మొత్తం ప్యాకేజీ డబ్బు ముందే కట్టమనే వాళ్లకి దూరంగా ఉండటం మంచిది. ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆస్పత్రిలో అడ్మిట్ అవ్వని చికిత్స కాబట్టి చాలా పాలసీలు అక్కడే మెలిక పెడతాయి.

వెళ్లే రోజు చెవిపోగులు, ముక్కుపుడక, పుస్తెల తాడు, జడపిన్నులు తీసేయాలి. పుస్తెలు తీయడం ఇష్టం లేకపోతే ముందే అడగండి, ఏం చేయాలో వాళ్లే చెప్తారు. ఫోను, ఏటీఎం కార్డు గది బయటే. తలకి నూనె పెట్టుకోకుండా వెళ్తే కాయిల్ చోటు గుర్తులు పెట్టే టోపీ జారదు. మిషన్ వడ్రంగిపిట్టలా టకటకమంటుంది, ఆ చప్పుడు చెవులకి మంచిది కాదు, ఇయర్ ప్లగ్స్ పెట్టుకునే కూర్చోవాలి. జారితే చెయ్యెత్తి ఆపించండి. మొదటి వారం తలనొప్పి, కాయిల్ కింద చర్మం మంట, దవడ అదరడం మామూలే. పారాసిటమాల్ వేసుకోవచ్చా అని అడగండి.

ఓసీడీ వాళ్లకి ఇంకోటి తెలియాలి. తరంగాలను మెదడులో ఇంకా లోతుకి పంపే డీప్ టీఎంఎస్‌లో సెషన్‌కి ముందు కావాలనే పేషెంటుకున్న ఓసీడీ భయాన్ని రేపుతారు: చెత్తబుట్ట ముట్టుకోమనొచ్చు, గ్యాస్ కట్టేశారా అని అడగొచ్చు. ఆ సమయంలో ఇంట్లోవాళ్లు పేషెంటుకి ధైర్యం చెప్పి డాక్టర్ల పని చెడగొట్టకండి. 2018 అనుమతికి ఆధారమైన అధ్యయనంలో అసలు చికిత్స తీసుకున్నవాళ్లలో 38 శాతం మందికి, ఉత్తుత్తి కాయిల్ పెట్టినవాళ్లలో 11 శాతం మందికి గుణం కనిపించింది. ఆశ పెట్టుకోండి గానీ, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి మరీ కాదు.

ఫలితం కనిపించడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా ఎదురుచూసే రోజుల్లో 'ఇది కూడా పనిచేయలేదు' అన్న మాట పేషెంటు నోట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. చచ్చిపోవాలనే ఆలోచన ఉందా అని సూటిగానే అడగండి, అడిగితే ఆలోచన రాదు. ఒంటరిగా వదలొద్దు, మాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి. 14416కి, అంటే టెలిమానస్‌కి, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు. దీనికి తిరగేసినట్టు ఉన్నట్టుండి నిద్ర అక్కర్లేకుండా గలగలా మాట్లాడటం, ఎడాపెడా ఖర్చు పెట్టడం మొదలైతే సంతోషించకండి. డిప్రెషన్, అతి ఉత్సాహం మారిమారి వచ్చే బైపోలార్ ఉన్నవాళ్లలో టీఎంఎస్ వల్ల ఉన్మాదం రావడం అరుదుగా జరుగుతుంది, ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయాలి.

కోర్సు అయిపోయిందని మాత్రలు మానేయొద్దు. మళ్లీ తిరగబెడితే, మొదటిసారి గుణం ఇచ్చినవాళ్లకి రెండోసారి కూడా ఇచ్చే అవకాశం ఎక్కువ. అప్పటికి సెంటర్ మారొచ్చు, డాక్టరు మారొచ్చు. అందుకని డోసు, ఎన్ని సెషన్లు, కాయిల్ ఎక్కడ పెట్టారు అన్నవి రాసిన షీటు అడిగి తెచ్చుకుని ఎమ్మారై ఫైల్లోనే పెట్టుకోండి.