వేటకు వెళ్లే ముందు: ఫోన్‌లోని హద్దు గీతను ఎంతవరకు నమ్మాలి

అమెరికాలో జింకల వేట కాలం దగ్గరపడేసరికి తుపాకీ శుభ్రం చేసుకోవడం, లైసెన్సు, చంపిన జింకకు కట్టే ట్యాగులు సరిచూసుకోవడం ఎవరూ మరిచిపోరు కానీ, హద్దుల సంగతి మాత్రం చాలామంది ఫోన్‌కే వదిలేస్తారు. ఆన్‌ఎక్స్ హంట్, హంట్‌స్టాండ్ వంటి వేట మ్యాపు యాప్‌లలో ఎవరి భూమి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో యజమాని పేరుతో సహా అరచేతిలో కనిపిస్తుంది. ఒకప్పుడు కౌంటీ (మన జిల్లా వంటిది) కార్యాలయంలో పటాలు తిరగేస్తే తప్ప తెలియని సమాచారం ఇది కనుక దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ గీతను హద్దు దగ్గరపడుతోందని చెప్పే హెచ్చరికగానే తీసుకోవాలి. దాన్నే హద్దురాయిగా భావించి అంచు దాకా నడిచేవారికే చిక్కులు వస్తాయి.

ఇందులో రెండు వేర్వేరు తప్పులు కలుస్తాయి. మొదటిది గీతది. యాప్‌లోని భూముల వివరాలు ప్రధానంగా కౌంటీల పన్ను మదింపు రికార్డుల నుంచి వస్తాయి. అవి పన్ను వేయడానికి తయారైన పటాలే తప్ప సర్వేయరు కొలిచి పాతిన రాళ్లకు సరిసమానం కావు; పాత కాగితపు పటాల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన చోట్ల, ముఖ్యంగా కొండ ప్రాంతాల్లో, గీత పదుల అడుగులు పక్కకు జరిగి ఉండటం అరుదు కాదు. పైగా భూమి చేతులు మారిన వార్త కౌంటీ రికార్డుకెక్కి, అక్కడి నుంచి యాప్‌కు చేరేలోగా నెలలు గడవవచ్చు. రెండవది ఫోన్‌ది. ఆకాశం నిర్మలంగా, బహిరంగంగా ఉన్నప్పుడే మామూలు స్మార్ట్‌ఫోన్ చూపించే స్థానం సుమారు 4.9 మీటర్ల, అంటే 16 అడుగుల వ్యాసార్థంలో ఉంటుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ సమాచారమే చెబుతోంది. దట్టమైన చెట్ల కింద, ఇరుకు లోయల్లో ఉపగ్రహ సంకేతాలు ఆగిపోతాయి, లేదా కొండరాళ్లకు తగిలి మళ్లి వస్తాయి కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. ఈ రెండు తప్పులూ ఒకే దిక్కుకు కలిసొచ్చిన రోజున, మీరు మనవైపే ఉన్నామనుకుంటూ అవతలివారి నేల మీద నిలబడి ఉంటారు.

నాకిది ఒక సాయంత్రం కళ్లారా తెలిసింది. ఒక ఓక్ చెట్టు మొదట్లోకి పాత ముళ్లకంచె తీగ పూర్తిగా ఇంకిపోయి, బెరడు దాని మీదుగా పెదవిలా మూసుకుపోయింది. కొన్ని దశాబ్దాలుగా ఇరువైపుల వాళ్లూ హద్దుగా ఎంచుకున్నది ఆ తీగనే అని చూడగానే అర్థమవుతుంది. ఫోన్ మాత్రం గీతను ఇంకో నలభై అడుగుల అవతల చూపించింది. నేను కదలకుండా నిలబడి ఉంటే, మనమున్న చోటును చూపే నీలి చుక్క ఒక్క నిమిషంలో మూడుసార్లు ఇటూ అటూ గెంతింది. ఆ రోజు కంచె మాటే విన్నాను. పాత కంచె కూడా చట్టబద్ధమైన హద్దు కానక్కరలేదు గానీ, సందేహం వచ్చినప్పుడు వేటగాడు వెనక్కి తగ్గే వైపునే నమ్మాలి.

అందుకని వేట కాలానికి ముందే, పగటి వెలుగులో, తుపాకీ లేకుండా, భూయజమాని అనుమతితో హద్దు పొడవునా ఒకసారి నడిచి రావడం అన్నిటికన్నా ముఖ్యమైన పని. మూలల్లో సర్వే గుర్తులు, చెట్ల మీది రంగు, హెచ్చరిక బోర్డులు కనిపించిన ప్రతిచోటా నాలుగైదు నిమిషాలు ఆగి, నీలి చుక్క కుదుటపడ్డాక యాప్‌లో గుర్తు పెట్టుకోండి. ఇలా పెట్టుకున్న గుర్తులకూ యాప్ గీతకూ మధ్య ఎంత తేడా వస్తుందో చూస్తే ఆ స్థలంలో గీతను ఎంతవరకు నమ్మవచ్చో తెలిసిపోతుంది. నడిచేటప్పుడు గీతకు కనీసం వంద అడుగులు ఇవతలే ఆగిపోవడం నేను పెట్టుకున్న నియమం. మంచెకు అది చాలదు. ఊపిరితిత్తులకు సరిగ్గా తగిలిన జింక కూడా వంద గజాలు పరుగెత్తడం మామూలే కనుక, హద్దుకు ఆనుకుని మంచె కట్టుకోవడం చేజేతులా తగాదా తెచ్చుకోవడమే.

గాయపడిన జింక హద్దు దాటితే ఏం చేయాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదన్నదే ఎక్కువ చోట్ల నియమం. పొరుగు యజమాని పేరు యాప్‌లో కనిపించినా అది ఒక ట్రస్టు పేరో కంపెనీ పేరో అయి ఉండవచ్చు, అందులో ఫోన్ నంబరు ఉండకపోవచ్చు. చీకటి పడుతుండగా రక్తపు జాడ కంచె దగ్గర ఆగిపోయినప్పుడు నంబరు కోసం వెతుక్కోవడం కన్నా, ముందే వెళ్లి పరిచయం చేసుకుని నంబరు తీసుకోవడం మేలు. ఆ యజమాని ఒప్పుకోకపోతే, వేట చట్టాలను అమలు చేసే అధికారి అయిన గేమ్ వార్డెన్‌కు ఫోన్ చేయండి.

బోర్డు లేదు కాబట్టి వెళ్లవచ్చనుకోవడం మరో పొరపాటు. మోంటానాలో బోర్డు ఉన్నా లేకపోయినా ప్రైవేటు భూమిలో వేటకు యజమాని అనుమతి ఉండి తీరాలి. టెక్సాస్‌లో చెట్టు మీది ఊదారంగు గీతే ప్రవేశ నిషేధం. అది నిలువుగా కనీసం 8 అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పుతో, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఈ రంగును ఏ యాప్ గీతా చూపించదు. అదే టెక్సాస్‌లో వేటాడుతూ, అవతలి యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా, తూటా హద్దు దాటిపోయేలా కాల్చడం కూడా నేరమే.

యాప్‌లో ప్రభుత్వ భూమి రంగు కనిపించగానే నిశ్చింతపడకూడదు. కొలరాడోలో రాష్ట్ర ప్రభుత్వం ఆదాయం కోసం నిర్వహించే ట్రస్టు భూముల్లో ప్రజా ప్రవేశానికి ప్రత్యేకంగా తెరిచినవి తప్ప మిగతావి మనకు మూసివున్నవే. మ్యాప్‌లో గీసిన బాట అందరిదీ కావాలన్న నియమమూ లేదు. పశ్చిమ రాష్ట్రాల్లో ప్రభుత్వ, ప్రైవేటు భూములు చదరంగపు గళ్లలా అల్లుకున్న చోట రెండు ప్రభుత్వ గళ్లు కలిసే మూలలో ఒకదాని నుంచి మరోదానికి దాటడం ఎంత పెద్ద వివాదమో వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ కేసు చూపింది. మిస్సోరీ నుంచి వచ్చిన వేటగాళ్లు 2021లో సర్వే గుర్తు ఉన్న మూలలో నిచ్చెన వేసుకుని ప్రైవేటు నేలను తాకకుండా దాటారు. 2022లో అక్రమ ప్రవేశం కేసులో జ్యూరీ వారిని నిర్దోషులుగా తేల్చింది. ఆ ప్రైవేటు భూమి యజమాని 70 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం కోరిన సివిల్ దావాలో 2025 మార్చిలో పదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కూడా వారి పక్షమే నిలిచింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీం కోర్టు విచారణకు నిరాకరించింది. అయితే పదవ సర్క్యూట్ కోర్టు పరిధిలోకి వచ్చేవి వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికో, కాన్సాస్, ఓక్లహోమా మాత్రమే. పక్కనే ఉన్న మోంటానా రాదు. ఒక వేటగాడి యాప్‌లో ప్రైవేటు భూమి లోపల పడిన ఒక్క గుర్తు కూడా ఆ దావాలో వివాదాంశమైంది కాబట్టి, దూరం నుంచి చూసినచోట ఊరికే గుర్తులు పెట్టే అలవాటుంటే, అక్కడికి వెళ్లలేదని అందులోనే రాసుకోండి. ఇక సర్వే గుర్తు కంటికి కనిపించని మూలను 16 అడుగుల తప్పున్న ఫోన్‌ను నమ్మి దాటే సాహసం చేయకండి.

ఫోన్‌ను సిద్ధం చేసుకోవడం సులువే. హద్దుల పొరతో సహా మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి, ఇంట్లోనే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, దగ్గరగా చూసినప్పుడు గీతలు, పేర్లు నిజంగా కనిపిస్తున్నాయో లేదో పరీక్షించండి. జీపీఎస్‌కు సెల్ సిగ్నల్ అక్కర్లేదు, మ్యాప్‌కే కావాలి. చలికి బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది కనుక ఫోన్‌ను లోపలి జేబులో ఉంచుకుని, పవర్ బ్యాంకు, కాగితపు మ్యాపు, దిక్సూచి వెంట తీసుకెళ్లండి. పాత కాగితపు మ్యాపు నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసుకుంటే అది ఎన్‌ఏడీ-27 అనే 1927 నాటి పాత కొలత పద్ధతిలో ఉందేమో చూసుకోండి. ఆ అంకెలను యథాతథంగా ఫోన్‌లో పెడితే పశ్చిమాన వంద మీటర్ల దాకా తేడా రావచ్చు.

ఎవరైనా ఎదురై ఇది మా భూమి అంటే, ఫోన్ తెరిచి చూపిస్తూ వాదనకు దిగవద్దు. తుపాకీ మూతి నేలవైపు ఉంచి, తూటాలు తీసేసి, పేరు చెప్పి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. మీరు నడిచిన దారి యాప్‌లో నమోదై ఉంటే దాన్ని చెరిపేయకుండా ఉంచుకుని, మర్నాడు కౌంటీ రికార్డుతో పోల్చి చూసుకుని, ఆ తర్వాతే ఆయనతోనో వార్డెన్‌తోనో మాట్లాడండి.