వేట నిషేధంలో బోటు వించి, వైరు, కప్పీలు ఎలా తనిఖీ చేయాలి?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లు వేటకి వెళ్లకూడదు. ఈ 61 రోజుల్లో విశాఖ, కాకినాడ, నిజాంపట్నం, ఏ రేవుకి వెళ్లినా బోట్ల మీద చెక్క పని, ఇంజిన్ పని, రంగుల పని జరుగుతూనే ఉంటాయి. కొత్త వల వస్తుంది, బోటు పేరు మళ్లీ రాయిస్తారు. వల లాగే ఉక్కు వైరుని చుట్టే యంత్రం, అదే వించి, దాని దగ్గరకి వచ్చేసరికి మాత్రం జూన్ 12నో 13నో ఒక డబ్బా గ్రీజు పూసి అయిందనిపిస్తారు. వందల కిలోల చేపల సంచిని కలాసీల నెత్తి మీద వేలాడదీసేది ఆ సామానే కదా!

అందుకే ఈ పని నిషేధం మొదటి వారంలోనే పెట్టుకోవాలి. తేడా కనబడితే కొత్త వైరు తెప్పించుకోవడానికి, లేత్ షాపులో పిన్ను చేయించుకోవడానికి టైం ఉంటుంది. ఆఖరి రోజుల్లో కనబడితే ఎవరైనా ఓనర్‌తో అనే మాట ఒకటే: "ఇంకో సీజన్ లాగేస్తాది బాబూ."

కావలసినవి

వెర్నియర్ క్యాలిపర్, వైరు బ్రష్, తోలు గ్లవ్స్, పాత కాటన్ గుడ్డలు, సుద్దముక్క, టార్చి, స్పానర్లు, నోట్‌బుక్కు. వెర్నియర్ లేకపోతే కొనండి. స్కేలుతో వైరు మందం కొలవడమంటే కొలవకపోవడమే. వించి ఇంజిన్ మీదే తిరుగుతుంది కాబట్టి తనిఖీ జరుగుతున్నంతసేపూ ఇంజిన్ ఆగి ఉండాలి, తాళం చెవి తనిఖీ చేసే మనిషి జేబులోనే ఉండాలి.

ముందు సులువైనవి

షాకిళ్లన్నీ (వైరుని, కప్పీని తగిలించే, పిన్ను ఉండే యు ఆకారపు ఇనుప కొలికులు) విప్పండి, ఒక్కటి కూడా వదలకండి. పిన్ను చేత్తో తిరగకపోతే తుప్పు పట్టిందో వంగిందో చూడండి. పదో వంతు అరిగినది పారేయాలి, అంటే 20 మిల్లీమీటర్ల పిన్ను ఎక్కడైనా 18కి వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. పిన్ను పోయిన షాకిల్‌కి మామూలు బోల్టు దూర్చకూడదు. కొక్కెం నోరు తెరుచుకుందా, నాలుక స్ప్రింగు పనిచేస్తోందా చూడండి. కప్పీని చేత్తో తిప్పితే పక్కలకి ఊగకూడదు. గాడిలో వైరు పేటల (తీగలు మెలేసిన పాయల) అచ్చులు పడి ఉంటే ఆ కప్పీ మార్చాల్సిందే, లేకపోతే రేపు మీరు వేసే కొత్త వైరుని కూడా అదే తినేస్తుంది.

మాస్టు మొదలు, బూమ్ (బరువెత్తే దూలం) మడత, గ్యాలోస్ (వల వైరు కప్పీ వేలాడే ఇనుప చట్రం) కాళ్లు, వించి పునాది బోల్టులు, ఈ నాలుగు చోట్లా వెల్డింగు అతుకుల్ని బ్రష్‌తో గీకి చూడండి. రంగు మీద సన్నగా తుప్పు చార కారి ఉంటే దాని కింద పగులు ఉండొచ్చు. ఈ పని అయ్యేదాకా పెయింటరుని బోటు ఎక్కనివ్వొద్దు, రంగు పడితే ఆ చార ఇక కనబడదు.

వైరు

అందరూ చెడగొట్టేది ఇక్కడే. మామూలుగా జరిగేదేమిటంటే, వించి నెమ్మదిగా తిప్పుతూ ఒకడు చేతిలో గుడ్డతో వైరుని పట్టుకుని నిలబడతాడు, తెగిన తీగ ఉంటే గుడ్డకి తగులుతుందని. తగులుతుంది, నిజమే. తగిలిన తీగ గుడ్డని లాక్కుపోతుంది, గుడ్డతో పాటు చెయ్యి కప్పీలోకో డ్రమ్ములోకో వెళ్తుంది. వేళ్లు పోగొట్టుకున్న కలాసీని ఏ జెట్టీ మీదైనా చూస్తారు. కదిలే వైరుని ముట్టుకోకూడదు, గ్లవ్స్ ఉన్నా సరే.

వైరు మొత్తం డ్రమ్ము మీద నుంచి దింపి జెట్టీ మీద పొడుగ్గా పరచండి. మొత్తం అంటే చిట్టచివరి చుట్టు దాకా. చాలామంది పైనున్న సగం చూసి ఊరుకుంటారు. ఎప్పుడూ తక్కువ లోతులో వల వేసే బోటులో డ్రమ్ము అడుగు చుట్లు నెలల తరబడి బయటికే రావు. పైచుట్ల ఒత్తిడికి నలుగుతూ, ఉప్పునీళ్లలో నానుతూ అక్కడే ఉండిపోతాయి. బోర్డులు (వల నోరు తెరిచి ఉంచే పలకలు) ఎక్కడో పట్టుకుని వైరు పూర్తిగా వదలాల్సి వచ్చిన రోజున బరువంతా ఆ చుట్ల మీదే పడుతుంది.

పరిచాక మంచినీళ్లతో కడిగి, బ్రష్ కొట్టి, ఆరనివ్వండి. ఇప్పుడు ఆగి ఉన్న వైరు మీద గుడ్డ వేసి మెల్లగా జరుపుకుంటూ వెళ్లండి. దారం పట్టుకున్న ప్రతిచోటా సుద్దతో గీత పెట్టండి. నాలుగు చోట్ల మాత్రం గుడ్డ మీద వదిలేయకుండా వంగి కళ్లతో చూడాలి: వైరు కొసని మడిచి చేసిన కంటి దగ్గర మొదటి మీటరు, వల లాగేటప్పుడు గంటల తరబడి గ్యాలోస్ కప్పీ మీద కూర్చునే ముక్క, డ్రమ్ములో ఒక వరస నుంచి పై వరసకి ఎక్కే మలుపులు, అడుగు చుట్లు.

తర్వాత లెక్క. 12 మిల్లీమీటర్ల వైరు, 6 పేటలు, పేటకి 19 తీగలు అనుకుందాం, మొత్తం 114 తీగలు. మందానికి పది రెట్ల పొడవు, అంటే 120 మిల్లీమీటర్లు కొలిచి, ఆ ముక్కలో తెగిన తీగలు లెక్కపెట్టండి. ఆరు ఉన్నాయంటే, అంటే ఐదు శాతం, వైరు పనికిరాదు. ఓడరేవు కార్మికుల భద్రత కోసం 1932లో చేసిన అంతర్జాతీయ ఒప్పందం మందానికి 8 రెట్ల పొడవులో 10 శాతం దాటేదాకా ఒప్పుకుంది. అది కాగితం మీద లెక్క. రోజూ ఉప్పులో తడిసే వైరుకి ఐదు శాతమే హద్దు. అది కూడా పేటల పైభాగంలో తెగిన తీగల సంగతి. రెండు పేటలు కలిసే సందులోంచి ఒక్క తెగిన తీగ మొన బయటికి వచ్చినా లెక్కతో పనిలేదు, లోపల అంతకంటే ఎక్కువ తెగి ఉంటాయి. ఆ భాగం కోసేయండి.

మందం కొలిచేటప్పుడు వెర్నియర్ దవడలు ఎదురెదురు పేటల వీపుల మీద కూర్చోవాలి, సందుల మీద కాదు. సందుల మీద పెడితే తక్కువ చూపిస్తుంది, మంచి వైరుని అనవసరంగా పారేస్తారు. ఒకేచోట రెండు దిక్కులా కొలవండి. 12 వైరు 10.8కి దిగితే మార్చాలి. రెండు దిక్కులకీ తేడా బాగా ఉంటే వైరు నలిగి చపటైందన్నమాట, అదీ పనికిరాదు.

ఇక లోపల చూడటం. అనుమానం ఉన్న రెండు మూడు చోట్ల వైరుని వదులుగా పెట్టి, మొనదేలిన ఇనుప సూదితో రెండు పేటల మధ్య కొద్దిగా విప్పండి. ఎర్రటి పొడి రాలితే లోపల తీగలు తుప్పుతో ఒకదాన్నొకటి తింటున్నాయని అర్థం. మధ్యలో ఉండే నార దారం జిడ్డుగా ఉండాలి, ఎండిపోయి బీడీ పొగాకులా పొడిపొడిగా వస్తే గ్రీజు లోపలికి ఎప్పుడూ వెళ్లలేదన్నట్టు. ముడిపడి సాగిన వైరు, సుత్తితో కొట్టి చక్కగా చేసినా మళ్లీ వాడకూడదు. ముడి ఉన్నచోట కోయడమే.

బాగుందని తేలిన వైరుని కూడా తిరగేసి చుట్టండి. నీళ్లలోకి వెళ్లే కొస డ్రమ్ముకి, డ్రమ్ము కొస బోర్డుకి. కప్పీ మీద కూర్చునే ముక్క మారుతుంది, అరుగుదల ఒకేచోట పడదు. గ్రీజు వైరు కోసం తయారైనదే రాయాలి. ఇంజిన్‌లోంచి దింపిన నల్ల ఆయిల్ పూసే అలవాటు మానండి. అందులో ఇనుప రజను ఉంటుంది, ఇంజిన్ కక్కిన ఆమ్లాలు ఉంటాయి, పైగా నలుపు పట్టాక తెగిన తీగలు కంటికి కనబడవు. డబ్బు మిగులుతుందంటారు గానీ, ఒక వైరు ధర ముందు గ్రీజు డబ్బా ధర ఎంత?

కంటికి క్లిప్పులు

12 వైరుకి మూడు క్లిప్పులు, మధ్య దూరం మందానికి ఆరు రెట్లు, కంటి లోపల థింబుల్ (వైరు కూర్చునే గాడి ఉన్న ఇనుప కన్ను) తప్పనిసరి. క్లిప్పు దిమ్మ బరువు మోసే వైరు మీద, యు బోల్టు వంపు తిప్పి తెచ్చిన పొట్టి కొస మీద ఉండాలి. మూడూ ఒకే వైపు. ఒకటిటు ఒకటటు వేస్తే గట్టిగా ఉంటుందని కొందరు వాదిస్తారు, అది తప్పు. యు బోల్టు బరువు మోసే వైరుని నలిపేసి, సరిగ్గా అక్కడే తెంపుతుంది. ముందు పొట్టి కొస చివర క్లిప్పు, తర్వాత థింబుల్ పక్కది, మధ్యది ఆఖరున.

డ్రమ్ము, బ్రేకు, బరువు

వైరు మొత్తం వదిలినా డ్రమ్ము మీద మూడు చుట్లు మిగలాలి. బ్రేకు లైనింగుకి గ్రీజు అంటకూడదు. గేరు, చైను మీద మూత లేకుండా సముద్రంలోకి వెళ్లొద్దు. ఎత్తే వైరు సర్టిఫికెట్‌లో తెగే బరువు 8 టన్నులని ఉంటే ఐదో వంతు, 1.6 టన్నులే ఎత్తాలి. అదీ బూమ్, కప్పీ, షాకిల్ అన్నీ అంత మోయగలిగితేనే. వాటిలో దేని బలం తక్కువో ఆ అంకెని బూమ్ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ఎవరు చూశారు, ఎక్కడ రాశారు

బ్రిటన్‌లో చేపల బోట్లకి కూడా వర్తించే 2006 నిబంధనల ప్రకారం ఎత్తే సామానుని 12 నెలలకోసారి అర్హత ఉన్న మనిషి క్షుణ్ణంగా పరీక్షించాలి, మనుషుల్ని ఎత్తేదైతే 6 నెలలకోసారి. మన బోట్లలోనూ ఓనర్ ఈ పద్ధతే పెట్టుకోవాలి. వైరు వేసిన మనిషే దాన్ని పాస్ చేయకూడదు, వేరే బోటు సరంగునో (బోటు నడిపేవాడు) మెకానిక్‌నో పిలిపించండి. నోట్‌బుక్కులో తేదీ, వైరు వేసిన రోజు, కొలిచిన మందం, తెగిన తీగలు, మార్చిన షాకిళ్లు, చూసిన వాళ్ల సంతకం ఉండాలి. పోయినేడు 11.6, ఈ ఏడు 11.1 అని రాసి ఉంటే వచ్చే ఏడు వైరుకి డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోవచ్చు. సరంగు వైరు మార్చాలని రాస్తే ఓనర్ ఆ పేజీ కింద సంతకం పెట్టాలి, మార్చినా, మార్చకపోయినా.

జూన్ 15న మొదటి లాగుడు అయ్యాక వల డెక్ మీదకి వచ్చి, వించి ఆగాక, చేపలు ఏరే ముందే స్పానర్ తీసి క్లిప్పుల నట్లన్నీ మళ్లీ బిగించండి. బరువు పడ్డాక వైరు కాస్త సన్నబడుతుంది, నట్లు కచ్చితంగా వదులవుతాయి.