రిఫరెన్స్ మేనేజర్‌లో బ్రౌజర్ పెట్టాలంటే

మా చెల్లెలు తెలుగులో పీహెచ్‌డీ చేస్తోంది. తన కోసమని నేను రాసిన రిఫరెన్స్ మేనేజర్ (వ్యాసాలనూ వాటి వివరాలనూ దాచే ప్రోగ్రాం) మొదటి వెర్షన్‌లో ఓ రాత్రి కూర్చుని 40 వ్యాసాలు దాచుకుంది. పొద్దున్నే ఫోన్: "ఒక్క పీడీఎఫ్ కూడా తెరుచుకోవట్లేదక్కా." ఒక ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. లోపల వ్యాసం లేదు, లైబ్రరీ లాగిన్ పేజీ ఉంది. 40కి 40 అంతే.

తను లాగిన్ అయింది మామూలు బ్రౌజర్‌లో. లింకు తెచ్చి నా ప్రోగ్రాంకి ఇస్తే అది కుకీలు (లాగిన్ అయిన మనిషిని సైటు గుర్తుపట్టే చిన్న గుర్తులు) లేకుండా వెళ్లి అడిగింది. గుర్తుపట్టని వాళ్లకి సైటు లాగిన్ పేజీయే ఇస్తుంది మరి. పేజీ చూసేదీ ఫైలు దించేదీ ఒకే సెషన్‌లో జరగాలని ఆ రోజు గట్టిగా అనుకున్నాను.

నిజానికి జొటెరో అనే రిఫరెన్స్ మేనేజర్ 2006లో పుట్టిందే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్‌గా. 2017లో 5.0 వెర్షన్‌తో పూర్తిగా విడి ప్రోగ్రాం అయి, బ్రౌజర్‌లో పేజీ వివరాలను దానికి పంపే కనెక్టర్‌ను మాత్రం ఉంచింది. చాలామందికి ఆ పద్ధతి చాలు. పేజీనీ రికార్డునూ పక్కపక్కన పెట్టుకుని పనిచేసేవాళ్ల కోసమైతేనే లోపలి బ్రౌజర్ కట్టండి.

పేజీలను చూపించే ఇంజిన్ సొంతంగా రాయొద్దు. ఎలక్ట్రాన్ తీసుకున్నా క్యూటీ వెబ్‌ఇంజిన్ తీసుకున్నా లోపల ఉన్నది క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన క్రోమియమే. నేను ఎలక్ట్రాన్ వాడాను. నోడ్ ఇంటిగ్రేషన్ (పేజీలోని స్క్రిప్టులు కంప్యూటర్ ఫైళ్లను తాకే దారి) ఆపేసి, శాండ్‌బాక్స్ (పేజీని విడిగా కట్టడి చేసే గోడ) ఉంచండి. ఏదో సైటులోని స్క్రిప్టుకి మనవాళ్ల ఫైళ్లు చిక్కకూడదు. అడ్రస్ బార్ దాచొద్దు. పాస్‌వర్డ్ కొట్టే మనిషికి తాను ఏ సైటులో ఉన్నదీ కనిపిస్తూ ఉండాలి. గూగుల్ అకౌంటుతో లాగిన్ అవ్వాలంటే ఇలాంటి లోపలి బ్రౌజర్లను గూగుల్ అడ్డుకుంటుంది. అందుకని బయటి బ్రౌజర్‌లో తెరిచే బటన్ ఒకటి, దించుకున్న ఫైలును లాగి వదిలే చోటు ఒకటి పెట్టండి.

ఫైలు దిగాక పేరు చివర ఏముందో చూసి నమ్మకండి, మొదటి బైట్లు చదవండి. అసలు పీడీఎఫ్ శాతం గుర్తుతో మొదలవుతుంది, వెంటనే పీ, డీ, ఎఫ్ అక్షరాలు, ఒక అడ్డగీత. అవి లేకపోతే దాచకుండా, "లాగిన్ పేజీ వచ్చినట్టుంది, మళ్లీ లాగిన్ అవ్వండి" అని అక్కడికక్కడే చెప్పాలి. ఈ చిన్న పరీక్ష మొదటే పెట్టి ఉంటే మా చెల్లెలి రాత్రి వృథా అయ్యేది కాదు.

వివరాలు తీసేటప్పుడు, పేజీలో మొదట కనిపించిన డీఓఐని (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపును) పట్టుకోవద్దు. అది అడుగున ఉన్న రిఫరెన్సుల్లోది కావచ్చు. గూగుల్ స్కాలర్ కోసం జర్నళ్లు పెట్టే సైటేషన్ మెటా ట్యాగులు (పేజీ కోడులో ఉండే వ్యాసం వివరాలు) ముందు చూడండి. అక్కడ డీఓఐ దొరికితే డీఓఐ డాట్ ఆర్గ్‌ని సీఎస్ఎల్ జేసన్ (రిఫరెన్సు వివరాలను ప్రోగ్రాములు చదవగల పద్ధతి) రూపంలో అడిగితే నమోదైన వివరాలు వచ్చేస్తాయి. లింకుగా కూడా డీఓఐనే దాచండి. లైబ్రరీ ప్రాక్సీ (లాగిన్ అయినవాళ్లను జర్నల్ సైటుకి చేర్చే మధ్య సర్వర్) గుండా వెళ్లిన అడ్రస్ రేపు ఇంకొకరికి పనిచేయదు.

తెలుగు పాత పుస్తకాల దగ్గర ఇవేవీ ఉండవు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు చూడండి: చాలావాటికి పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో తోచిన స్పెల్లింగుతో ఉంటుంది, ప్రచురణకర్త చోట "నాట్ అవైలబుల్" అని ఉంటుంది. అసలు వివరం ముఖపత్రం బొమ్మ మీదే ఉంది. అందుకే ఎడమవైపు పేజీ, కుడివైపు ఫారం పెట్టాను. మా చెల్లెలు బొమ్మను పెద్దది చేసి, ముద్రణ సంవత్సరం చదివి, పక్కనే కొట్టేస్తుంది. ఆ సంవత్సరం కోసం కిటికీలు మార్చుకునే పని లేదు. లోపలి బ్రౌజర్ నాకు అసలు విలువైనదిగా అనిపించింది ఇక్కడే.

పేర్లను మాత్రం ప్రోగ్రాంకి వదిలేయకండి. చివరి మాటే ఇంటిపేరు అనుకునే కోడు గిడుగు రామమూర్తిని "రామమూర్తి, గిడుగు" అని మార్చేస్తుంది. దాచే ముందు ఫారంలో ఇంటిపేరు గడి వేరుగా చూపించి, ఒక్క నొక్కుతో రెండూ తారుమారయ్యే బటన్ పెట్టండి.

ఇంకొకటి, వెతుకులాట. "హైదరాబాద్‌లో" అని రాస్తే ద్ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉంటుంది. అది లేకపోతే ల వత్తై "హైదరాబాద్లో" అవుతుంది. కంప్యూటర్‌కి ఇవి రెండు వేరు మాటలు. చూపించేటప్పుడు పేజీలో ఎలా ఉందో అలాగే ఉంచి, వెతకడానికి వాడే ప్రతిలో మాత్రం ఆ అక్షరాన్ని తీసేయండి. యూజర్ కొట్టిన మాటలోంచీ తీసేయాలి. ఒక వైపే తీస్తే ఇలాంటి మాటలు సరిగ్గా దొరకవు.