ఉబుంటులో పైథాన్ సోర్స్ బిల్డ్: డెవ్ ప్యాకేజీల లెక్క

పైథాన్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసేటప్పుడు ఇబ్బంది పెట్టేది ఎర్రర్ కాదు, ఎర్రర్ రాకపోవడం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) దొరక్కపోయినా మేక్ (కంపైల్ చేయించే కమాండ్) ఆగదు, చివరిదాకా నడిచిపోతుంది. తర్వాత పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ఏదైనా దించబోతే ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ లేదంటుంది.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సిస్టమ్‌లో ఉందిగా అనిపిస్తుంది. ఉన్నది ప్రోగ్రాం నడవడానికి కావలసిన లైబ్రరీ మాత్రమే. కంపైలర్‌కు ఆ లైబ్రరీలో ఏ ఫంక్షన్లు ఉన్నాయో చెప్పే హెడర్ ఫైళ్లు కూడా కావాలి. డెబియన్, ఉబుంటులలో అవి పేరు చివర ‘డెవ్’ ఉన్న ప్యాకేజీలో విడిగా ఉంటాయి (ఫెడోరాలో ‘డెవెల్’).

ముందు బిల్డ్-ఎసెన్షియల్, పికేజీ-కాన్ఫిగ్ పెట్టుకోండి. తర్వాత లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, జెడ్‌లిబ్1జి-డెవ్, లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ-డెవ్, లిబ్‌స్క్యూలైట్3-డెవ్, లిబ్‌బీజెడ్2-డెవ్, లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ-డెవ్, లిబ్‌రీడ్‌లైన్-డెవ్. జెడ్‌లిబ్ పేరులోని 1జి మరిచిపోతే ఏపీటీ (ఉబుంటులో ప్యాకేజీలు పెట్టే టూల్) ప్యాకేజీ లేదంటుంది. లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ లేకపోతే సీ లైబ్రరీలను పిలిచే సీటైప్స్ మాడ్యూల్ పోతుంది. దాని మీద ఆధారపడ్డ ప్యాకేజీని ఇంపోర్ట్ చేసేదాకా ఆ సంగతి తెలియదు.

ఒక్కొక్కటీ ఏరుకోవడం కన్నా, బిల్డ్‌కు కావలసినవి ఒకేసారి తెచ్చే ‘సుడో ఏపీటీ బిల్డ్-డెప్ పైథాన్3.12’ తేలిక (సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపడం). కానీ ఇది పనిచేయాలంటే సోర్స్ రిపాజిటరీ తెరిచి ఉండాలి. ఉబుంటు 24.04లో ఏపీటీ సోర్సెస్ డైరెక్టరీలోని ‘ఉబుంటు.సోర్సెస్’ ఫైలు తెరిచి, ‘టైప్స్: డెబ్’ వరుస చివర ‘డెబ్-ఎస్‌ఆర్‌సీ’ చేర్చి, ఏపీటీ అప్‌డేట్ నడపండి. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: బిల్డ్-డెప్ తెచ్చేది డిస్ట్రో (ఇక్కడ ఉబుంటు) ఇచ్చే వెర్షన్‌కు కావలసినవి. 24.04లో ఉన్నది పైథాన్ 3.12. మీరు కడుతున్నది 3.14 అయితే అందులో కొత్తగా వచ్చిన జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ మాడ్యూల్ కోసం లిబ్‌జెడ్‌ఎస్‌టీడీ-డెవ్ మీరే అడగాలి.

మేక్ అయ్యాక చివరి వరుసలు తప్పకుండా చదవండి. బిల్డ్ కాని ఐచ్ఛిక మాడ్యూళ్ల పేర్లు అక్కడే వస్తాయి. ఎందుకు కాలేదో, కాన్ఫిగర్ (మేక్‌కు ముందు నడిపే తనిఖీ స్క్రిప్ట్) రాసే కాన్ఫిగ్.లాగ్‌లో ఆ లైబ్రరీ పేరుతో వెతికితే కనిపిస్తుంది. ఏదో హెడర్ దొరకలేదని ఉండి, అది ఏ ప్యాకేజీదో తెలియకపోతే ఏపీటీ-ఫైల్ ఇన్‌స్టాల్ చేసి, దాని అప్‌డేట్ నడిపి, హెడర్ పేరుతో సెర్చ్ చేయండి.

ప్యాకేజీ చేర్చాక మళ్లీ మేక్ ఒక్కటే కొడితే లాభం లేదు. లైబ్రరీ ఉందా లేదా అన్నది కాన్ఫిగర్ దశలోనే రాసిపెట్టేసి ఉంటుంది. పాత బిల్డ్ ఫలితాలను చెరిపే మేక్ డిస్ట్‌క్లీన్ చేసి, కాన్ఫిగర్ నుంచి మొదలుపెట్టండి.

ఇన్‌స్టాల్‌కు ‘మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్’ వాడండి. మామూలు ఇన్‌స్టాల్ ‘పైథాన్3’ అనే పేరునే తీసుకుంటుంది. ఉబుంటు సొంత పనిముట్లు చాలావాటికి ఆ పేరే ఆధారం, వాటిని కదపకూడదు. ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా) హోమ్ డైరెక్టరీలో చోటిస్తే సుడో అవసరం కూడా ఉండదు. కాన్ఫిగర్‌కు ఎనేబుల్-షేర్డ్ (పైథాన్‌ను షేర్డ్ లైబ్రరీగా కట్టే ఆప్షన్) ఇచ్చి లోకల్ లైబ్రరీ డైరెక్టరీలో పెట్టినవాళ్లు, సిస్టమ్ లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్‌ను సుడోతో నడపాలి. లేకపోతే కొత్త పైథాన్ తన లిబ్‌పైథాన్ ఫైలే దొరకలేదని మొదలవకుండానే ఆగిపోతుంది.

ఆఖరి పరీక్షగా కొత్త పైథాన్‌లో ఎస్‌ఎస్‌ఎల్, స్క్యూలైట్3, సీటైప్స్, జెడ్‌లిబ్, బీజెడ్2, ఎల్‌జెడ్‌ఎంఏ, రీడ్‌లైన్‌లను ఒకే వరుసలో ఇంపోర్ట్ చేయండి. ఏదైనా తప్పితే దాని డెవ్ ప్యాకేజీ పెట్టి మళ్లీ డిస్ట్‌క్లీన్ నుంచి రండి.