రైల్లో తోడొచ్చేవాళ్లకీ రాయితీ కావాలంటే

సదరెంలో, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, 80 శాతం వచ్చింది కదా, తోడొచ్చే మనిషికీ రైల్లో రాయితీ వచ్చేసినట్టే అనుకుంటారు చాలామంది. మేమూ అలాగే అనుకున్నాం. కానీ రైల్వే చూసేది శాతం ఒక్కటే కాదు, ఈ మనిషి ఇంకొకరి సాయం లేకుండా ప్రయాణం చెయ్యలేరని డాక్టర్ ధ్రువీకరించాడా లేదా అని.

ఎవరికి వర్తిస్తుందంటే: పక్షవాతమో కాళ్ల వైకల్యమో ఉండి తోడు లేనిదే ప్రయాణించలేనివాళ్లు, మానసిక వైకల్యంతో అదే పరిస్థితిలో ఉన్నవాళ్లు, చూపు పూర్తిగా లేనివాళ్లు, మాటా వినికిడీ రెండూ బొత్తిగా లేనివాళ్లు. వినికిడి ఒక్కటే పోతే రాదు. మామూలు రైళ్లలో స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం తగ్గుతుంది. మాటా వినికిడీ లేనివాళ్లకి మాత్రం స్లీపర్‌లో 50 శాతమే, ఏసీల్లో రాదు. తోడొచ్చే ఒక్కరికీ అంతే.

దీనికి రైల్వే సొంత ఫారం ఉంది. అది ప్రింట్ తీసుకుని ప్రభుత్వ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, శ్రీకాకుళం వాళ్లయితే రిమ్స్‌కి (పేరు మారినా ఆటోవాళ్లకి ఇప్పటికీ రిమ్సే). అసలు తేడా కొట్టేది అక్కడే. మా నాన్నని డాక్టర్ "నడవగలరా?" అని అడిగితే, ఇంట్లో బాత్రూమ్‌కి కూడా అమ్మ భుజం పట్టుకునే మనిషి, "నడుస్తానండి బాబూ" అంటూ గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి చూపించాడు. పరువు మరి! ఫారం సంతకం లేకుండానే వెనక్కొచ్చింది, డాక్టర్‌ని ఏమంటాం, కళ్లముందు నడిచాడు కదా.

రెండోసారి అమ్మని కూడా లోపలికి తీసుకెళ్లాం. స్నానం ఎవరు చేయిస్తారు, రాత్రి ఎన్నిసార్లు లేపాలి, ఆమదాలవలస స్టేషన్లో నాన్నని రైలు పెట్టెలోకి ఎక్కించడానికి ఎంతమంది పట్టాలి, అన్నీ ఆవిడే చెప్పింది. డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టు, ఫిజియోథెరపీ చీటీలు కూడా చూపించాం. మీరూ రోజూ చూసుకునే మనిషినే తీసుకెళ్లండి, బాగున్న రోజు గురించి కాదు, మామూలు రోజు గురించి చెప్పించండి. అబద్ధం మాత్రం ఒక్కటీ వద్దు.

సంతకం అయ్యాక అక్కడే సరిచూసుకోండి. సంతకం, సీలు సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి, కొట్టివేతలు ఉండకూడదు. శాశ్వత వైకల్యమైతే 35 దాటినవాళ్లకి జీవితాంతం చెల్లుతుంది, 26 నుంచి 35 మధ్య పదేళ్లు, అంతకంటే చిన్నవాళ్లకి ఐదేళ్లే. తర్వాత వికలాంగులకి రైల్వే ఇచ్చే గుర్తింపు కార్డుకి ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు.

పింఛనుకీ ఇలాంటి పట్టింపే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకి 6,000, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి 15,000. అక్కడ కూడా ఉన్న పరిస్థితి ఉన్నట్టు చెప్పాలి.

ఇంకొక్క మాట, టికెట్ ఇద్దరికీ కలిపే తియ్యాలి. నాన్నని విశాఖ కేజీహెచ్‌లో చేర్చి అమ్మ ఒక్కతే తిరిగొచ్చిన రోజు ఫుల్ టికెట్టే కొనుక్కుంది.