సొంత క్లౌడ్ కట్టుకుందాం – 3: కొల్లా-ఆన్సిబుల్ కోసం సర్వర్‌ను సిద్ధం చేయడం

గత రెండు భాగాల్లో, సొంత క్లౌడ్ కట్టుకునే సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్‌స్టాక్‌లో ఏయే సేవలుంటాయో, ఎలాంటి మెషీన్ కావాలో చూశాం. ఈ భాగంలో ఓపెన్‌స్టాక్‌ను ఇన్‌స్టాల్ చేయం. ఉబుంటు సర్వర్ 24.04 ఉన్న ఒక మెషీన్‌ను కొల్లా-ఆన్సిబుల్ 2025.1 శాఖకు అప్పగించే స్థితికి తెస్తాం. కొల్లా-ఆన్సిబుల్ అంటే ఓపెన్‌స్టాక్ సేవలను కంటైనర్లుగా ఇన్‌స్టాల్ చేసిపెట్టే సాధనం, శాఖ అంటే దాని వెర్షన్. ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడండి.

అధికారికంగా చెప్పే కనీస అవసరాలు 8 జీబీ మెమరీ, 40 జీబీ డిస్కు, రెండు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లు. 8 జీబీతో సేవలు లేస్తాయి గానీ, రెండు వర్చువల్ మెషీన్లు నడిపేసరికి ఊపిరాడదు. నేర్చుకోవడానికైనా 16 జీబీ పెట్టుకోండి.

మొదట డిస్కు చూడండి. ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో ఎల్‌వీఎం (డిస్కును వాల్యూములుగా పంచే పద్ధతి) ఎంపికను ఉన్నదున్నట్టు వదిలేస్తే అది మొత్తం జాగాను రూట్‌కు (సిస్టమ్ ఉండే ప్రధాన వాల్యూమ్‌కు) ఇవ్వదు. వాల్యూమ్ గ్రూప్ (ఎల్‌వీఎంకు ఇచ్చిన మొత్తం జాగా) 20 నుంచి 200 జీబీ మధ్య ఉంటే సగం, అంతకు మించితే 100 జీబీ మాత్రమే ఇస్తుంది. మిగిలింది గ్రూపులో ఖాళీగా పడి ఉంటుంది. 40 జీబీ డిస్కుంటే రూట్‌కు దక్కేది సుమారు 20. కంటైనర్ ఇమేజ్‌లన్నీ /వార్/లిబ్ కిందే చేరతాయి కాబట్టి డిప్లాయ్ నడుమ డిస్కు నిండి, సంబంధం లేని ఎర్రర్లు కనిపిస్తాయి. ‘డీఎఫ్ -హెచ్’ కొట్టి చూసి, తక్కువగా ఉంటే ‘ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +100%ఫ్రీ’ తర్వాత రూట్ వాల్యూమ్ దారి ఇవ్వండి. -ఆర్ ఉంటే ఫైల్‌సిస్టమ్ కూడా వెంటనే పెరుగుతుంది. ఇక్కడ -ఎల్ చిన్న అక్షరమే. పెద్ద ఎల్ శాతాన్ని తీసుకోదు.

సిండర్‌తో (వర్చువల్ డిస్కులిచ్చే ఓపెన్‌స్టాక్ సేవ) వాల్యూములు కావాలంటే ఇంకో ఖాళీ డిస్కు కావాలి. దాన్ని ఫార్మాట్ చేయొద్దు. ‘పీవీక్రియేట్’ చేసి, ‘వీజీక్రియేట్’‌తో సిండర్-వాల్యూమ్స్ అనే పేరు పెట్టండి. కొల్లా డిఫాల్ట్‌గా వెతికేది ఆ పేరునే. పాత డిస్కు వాడుతుంటే ‘వైప్‌ఎఫ్‌ఎస్ -ఏ’ అవసరం పడొచ్చు. దానికి ముందు ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ చూసి డిస్కు పేరు రెండుసార్లు సరిచూసుకోండి, తుడిచాక తిరిగి రాదు.

ఇక నెట్‌వర్క్. ఎక్కువ మంది ఇన్‌స్టాలేషన్లు దెబ్బతినేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

మన ఉదాహరణలో ఈఎన్‌ఓ1 మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్, చిరునామా 192.168.10.11. మీరు ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చేది దీని మీదే. ఈఎన్‌ఓ2 బయటి నెట్‌వర్క్ కోసం: దానికి కేబుల్ ఉండాలి, లింక్ లేచి ఉండాలి, ఐపీ చిరునామా మాత్రం ఉండకూడదు. ఎందుకంటే ఓపెన్‌స్టాక్ నెట్‌వర్క్ సేవ న్యూట్రాన్ ఆ ఇంటర్‌ఫేస్‌ను తీసుకుని ఓపెన్ వీస్విచ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్ బ్రిడ్జిలో పోర్టుగా కలిపేస్తుంది. అప్పటి నుంచి దాని మీద ఉన్న ఐపీ పనిచేయదు. ఒకే ఇంటర్‌ఫేస్‌ను రెండింటికీ రాసినవాళ్ల ఎస్‌ఎస్‌హెచ్ సరిగ్గా ఈ దశలోనే తెగిపోతుంది, సర్వర్ దగ్గరికి మానిటర్ పట్టుకుని వెళ్లాల్సి వస్తుంది.

నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ అమరిక) ఫైలులో ఈఎన్‌ఓ1 కింద చిరునామా 192.168.10.11/24 అని, రూట్స్ కింద ‘టు: డిఫాల్ట్, వయా: 192.168.10.1’ అని రాయండి. పాత వ్యాసాల్లో కనిపించే గేట్‌వే4 పద్ధతిని ఇప్పుడు పక్కన పెట్టేశారు. ఈఎన్‌ఓ2 కింద డీహెచ్‌సీపీ4, డీహెచ్‌సీపీ6 రెండూ ఫాల్స్, లింక్-లోకల్ ఖాళీ జాబితా, ఆప్షనల్ ట్రూ. ఆ చివరిది లేకపోతే, కేబుల్ ఊడిన రోజున బూట్ అవుతున్నప్పుడు నెట్‌వర్క్ కోసం రెండు నిమిషాలు ఎదురుచూస్తూ ఆగిపోవచ్చు. అమలు చేయడానికి ‘నెట్‌ప్లాన్ ట్రై’ వాడండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత అమరికకు తానే వెనక్కి వెళ్తుంది. దూరం నుంచి పనిచేసేటప్పుడు ‘అప్లై’ జోలికి పోవద్దు.

వైఫై కార్డు ఈఎన్‌ఓ2 స్థానంలో పనికిరాదు: మామూలు క్లయింట్‌గా చేరిన కార్డు వెనక ఉన్న వేరే మ్యాక్ చిరునామాల ట్రాఫిక్‌ను యాక్సెస్ పాయింట్ ఒప్పుకోదు. యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ మాత్రం నేర్చుకునే పనికి చాలు. సర్వర్ బదులు వర్చువల్‌బాక్స్‌లో చేస్తుంటే రెండో అడాప్టర్‌కు ప్రామిస్క్యువస్ మోడ్‌ను ‘అలో ఆల్’కు మార్చండి.

వీఐపీ (ఓపెన్‌స్టాక్ సేవలను చేరుకునే వర్చువల్ ఐపీ) కోసం ఈఎన్‌ఓ1 ఉన్న సబ్‌నెట్‌లోనే ఎవరూ వాడని ఇంకో చిరునామా ఎంచుకోవాలి, ఉదాహరణకు 192.168.10.250. దీన్ని ఏ ఇంటర్‌ఫేస్‌కూ మీరు ఇవ్వకూడదు, కొల్లా పెట్టే కీప్‌అలైవ్డీ అనే సేవ తెచ్చి పెడుతుంది. రౌటర్ పంచే డీహెచ్‌సీపీ పరిధికి బయట ఉందో లేదో చూసుకోండి. లేదంటే ఎవరి ఫోనో ఒకరోజు ఆ చిరునామాతో నెట్‌వర్క్‌లోకి వస్తుంది, మీ డ్యాష్‌బోర్డు వచ్చిపోతూ ఉంటుంది. అదే నెట్‌వర్క్‌లో ఇంకెవరైనా కొల్లా నడుపుతుంటే కీప్‌అలైవ్డీ వాడే వర్చువల్ రౌటర్ ఐడీ డిఫాల్ట్ 51 కూడా గొడవపడుతుంది, ఒకరు మార్చుకోవాలి.

తర్వాత హోస్ట్ పేరు. ‘హోస్ట్‌నేమ్‌సీటీఎల్’‌తో క్లౌడ్01 అని ఇప్పుడే ఖాయం చేయండి. సేవల మధ్య సందేశాలు చేరవేసే ర్యాబిట్‌ఎంక్యూ తన డేటాను ఈ పేరుతోనే దాచుకుంటుంది, వర్చువల్ మెషీన్లు నడిపే నోవా కూడా కంప్యూట్ మెషీన్‌ను ఈ పేరుతోనే గుర్తుపెట్టుకుంటుంది. డిప్లాయ్ అయ్యాక మార్చితే తిప్పలే. ఉబుంటు /ఈటీసీ/హోస్ట్స్‌లో ఈ పేరును 127.0.1.1కు కట్టి ఉంచుతుంది. ఆ వరుస తీసేసి, 192.168.10.11కు క్లౌడ్01 రాయండి. కొల్లా బూట్‌స్ట్రాప్ (మెషీన్‌ను సిద్ధం చేసే) దశ 127.0.1.1 వరుసను తానే తొలగిస్తుంది గానీ, మీరు పాత పేరుతో రాసుకున్న అదనపు వరుసలను అది ముట్టదు. ‘గెట్‌ఎంట్ ఏహోస్ట్స్‌వీ4 క్లౌడ్01’ కొడితే 192.168.10.11 ఒక్కటే రావాలి. రెండు చిరునామాలు వస్తే ప్రీచెక్స్ (కొల్లా చేసే ముందస్తు తనిఖీలు) అక్కడే ఆగిపోతాయి.

మిగతావి త్వరగా ముగిసే పనులు. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’‌లో గడియారం సింక్ అయిందని ఉండాలి, ప్రీచెక్స్ దీన్నీ అడుగుతాయి. ఉబుంటు ఇన్‌స్టాలర్ చూపించిన స్నాప్ డాకర్‌ను టిక్ పెట్టి ఉంటే తీసేయండి. హోస్ట్‌లో లిబ్‌వర్ట్ (వర్చువల్ మెషీన్లను నడిపే సేవ) నడుస్తుంటే ఆపండి. /డెవ్/కేవీఎం ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి, అదీ కుదరకపోతే తర్వాత క్యూఈఎంయూ (ప్రాసెసర్‌ను సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరించడం) ఎంచుకుంటాం. నెమ్మదిగా నడుస్తుంది, కానీ నడుస్తుంది. ప్యాకేజీలన్నీ అప్‌గ్రేడ్ చేసి రీబూట్ చేశాక, ఆ రోజుకు అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ సేవను ఆపి ఉంచండి. లేకపోతే అది డీపీకేజీ లాక్ పట్టుకుని కూర్చుంటే ఆన్సిబుల్ పని మధ్యలో విఫలమవుతుంది.

ఇంకో హెచ్చరిక: బూట్‌స్ట్రాప్ దశ యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌ను ఆపేస్తుంది. ఈ మెషీన్‌కు నేరుగా పబ్లిక్ ఐపీ ఉంటే ముందు రౌటర్ దగ్గరే అడ్డుకట్ట వేయండి.

పాస్‌వర్డ్ అడగని సుడో కోసం /ఈటీసీ/సుడోయర్స్.డీ లో ‘విసుడో -ఎఫ్’‌తో ఫైలు తయారు చేయండి. ఆ ఫైలు పేరులో చుక్క ఉండకూడదు. చుక్క ఉన్న ఫైళ్లను సుడో చదవకుండా దాటేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు.

చివరిగా పైథాన్. పైథాన్3-వెన్వ్, పైథాన్3-డెవ్, గిట్, జీసీసీ, లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ-డెవ్, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, లిబ్‌డీబస్-గ్లిబ్-1-డెవ్ ప్యాకేజీలు పెట్టి, మీ హోమ్‌లో ఒక వెన్వ్ (సిస్టమ్‌తో కలవని విడి పైథాన్ వాతావరణం) సృష్టించండి. 24.04లో వెన్వ్ బయట పిప్ (పైథాన్ ప్యాకేజీలు పెట్టే ఆదేశం) వాడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అని మొరాయిస్తుంది. దాన్ని బలవంతంగా దాటించే ఆప్షన్ వాడకండి, ఆప్ట్ నుంచి ఆన్సిబుల్ కూడా పెట్టకండి: ప్రతి కొల్లా శాఖకూ సరిపోయే ఆన్సిబుల్ వెర్షన్లు వేరు. వెన్వ్‌ను యాక్టివేట్ చేసి, గిట్ నుంచి స్టేబుల్/2025.1 శాఖను పిప్‌తో తెచ్చుకుని, ‘కొల్లా-ఆన్సిబుల్ ఇన్‌స్టాల్-డెప్స్’ నడపండి. 2024.2 నుంచి ఆదేశాల క్రమం మారింది: పని పేరు ముందు, -ఐ తో ఇన్వెంటరీ (మెషీన్ల జాబితా) ఫైలు వెనక. పాత వ్యాసాల్లోంచి కాపీ చేసిన ఆదేశం పనిచేయకపోతే మొదట ఇదే చూడండి.

నమూనా ఫైళ్లను వెన్వ్‌లోని షేర్ ఫోల్డర్ నుంచి /ఈటీసీ/కొల్లాకు ఒక్కసారే కాపీ చేయండి. పాస్‌వర్డ్‌లు తయారయ్యాక మళ్లీ కాపీ చేస్తే ఖాళీ ఫైలు వాటిని చెరిపేస్తుంది, డేటాబేస్‌లో మాత్రం పాత పాస్‌వర్డ్‌లే ఉంటాయి.

ఇప్పుడు మెషీన్‌ను రీబూట్ చేసి, మళ్లీ లాగిన్ అయ్యి ఇవి చూడండి: ‘ఐపీ -బ్రీఫ్ యాడర్’‌లో ఈఎన్‌ఓ1కు ఒక ఐపీ, ఈఎన్‌ఓ2కు ఏదీ లేకుండా అప్ అని, ‘గెట్‌ఎంట్’ జవాబులో చిరునామా ఒక్కటే, ‘సుడో -ఎన్ ట్రూ’ నోరు మెదపకుండా ముగియడం, ‘వీజీఎస్’‌లో సిండర్-వాల్యూమ్స్. రీబూట్‌కు ముందు బాగుండి తర్వాత నెట్‌వర్క్ తేడాగా ఉంటే, మీ నెట్‌ప్లాన్‌ను క్లౌడ్-ఇనిట్ (బూట్ సమయంలో అమరికలు చేసే సేవ) తిరగరాసి ఉంటుంది; /ఈటీసీ/క్లౌడ్/క్లౌడ్.సీఎఫ్‌జీ.డీ లో దాని నెట్‌వర్క్ కాన్ఫిగ్‌ను డిజేబుల్డ్ చేసి, నెట్‌ప్లాన్ ఫైలును మళ్లీ రాయండి.

వచ్చే భాగంలో గ్లోబల్స్ ఫైలు నింపి, బూట్‌స్ట్రాప్-సర్వర్స్, ప్రీచెక్స్ నడుపుతాం. ఈలోగా ఈఎన్‌ఓ1, ఈఎన్‌ఓ2, వీఐపీ స్థానాల్లో మీ విలువలు కాగితం మీద రాసి ఉంచుకోండి.